ఆమె అననన్న మాట

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ చెరకు ఆడే రోజులు మొదలైతే ఊరంతా ఒకటే వాసన. ఉడికిన తీపి, పులిసిన తీపి, కాలవలో మురిగిన తీపి. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి రెండు రోజులు ఎంత కమ్మగా ఉందో అంటారు. మూడోరోజు నుంచి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను అప్పుడు ఆ ఊళ్ళో ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు తెలుగు చెప్పేదాన్ని. నాకు ఇరవై మూడేళ్ళు. మా బాపు నిజామాబాదులో ఒక కచేరీలో రాతపని చేసేవాడు. ఆయన దస్తూరీయే నాకూ వచ్చింది. ఆ దస్తూరీ వల్లనే నేను ఈ రోతలో పడ్డాను.

ఒక మధ్యాహ్నం మా పెద్ద పంతులమ్మ నన్ను పిలిచింది.

"పట్నం నుంచి ఒక ప్రొఫెసర్ సారు వచ్చిండు. గుట్టలోళ్ళ భాషలు రాసుకుంటడట. మంచిగ రాసేటోళ్ళు ఒకరు కావాల్నని అడిగిండు. బడి ఇడిసినంక రోజూ రెండు గంటలు పోయిరా. నీ పేరే చెప్పిన" అంది.

నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఎందుకు అంత గర్వమో కూడా చెప్పాలి. యాభై ఆరులో రాష్ట్రం కొత్తగా ఏర్పడినప్పుడు నేను నిజామాబాదులో బడికి పోతున్నాను. అప్పుడే మాకు కోస్తా వైపు నుంచి కొత్త తెలుగు పంతులమ్మ వచ్చింది. నా నోట 'గిట్ల', 'గట్ల', 'పోయిండు' అన్న మాట వచ్చినప్పుడల్లా బెంచీ ఎక్కించి నిలబెట్టేది. "ఇది తెలుగా? నీ నోట్లో ఏముందే?" అని నాలుక చాపించి తరగతికంతా చూపించింది ఒకసారి. పిల్లలంతా నవ్వారు. వాళ్ళూ ఇంట్లో అట్లాగే మాట్లాడేవాళ్ళే. ఆ ఏడు నుంచి నేను నా నోటిని తోముకుంటూనే వచ్చాను. పదేళ్ళు తోమాను. చివరికి అచ్చులో ఉన్నట్టు మాట్లాడటం వచ్చింది. ఇంటికి పోయి అట్లా మాట్లాడితే మా అవ్వ నావైపు ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూసేది. అదీ నాకు గర్వంగానే ఉండేది. అందుకని ఒక ప్రొఫెసరు పక్కన కూర్చుని భాషల గురించి రాయడమంటే, ఆ బెంచీ మీద నుంచి దిగినట్టనిపించింది.

ప్రొఫెసరు ఊరికి ఒక మైలు దూరంలో ఉన్న ఒక పటేలు ఇంట్లో దిగాడు. పటేలుకు చెరకు తోటలు చాలా ఉన్నాయి. ఇంటి ముందు పొడుగాటి వరండా, అందులో ఉయ్యాల, నాలుగు పేముకుర్చీలు. ప్రొఫెసరు యాభై ఏళ్ళ మనిషి. మడత నలగని పంచె, తెల్లటి లాల్చీ, జేబులో మూడు కలాలు. మాట మెత్తగా ఉండేది. మొదటిరోజు ఆయన నాకు పాఠం చెప్పాడు. ఆ పాఠం ఇప్పటికీ నాకిష్టమే. అది ఇష్టమని చెప్పుకోవాలంటేనే ఇప్పుడు కష్టంగా ఉంటుంది.

"గోదావరి దాటి ఆదిలాబాదు గుట్టల్లోకి వెళితే చిన్న చిన్న భాషలున్నాయమ్మా. కోలామీ, నాయకీ, గోండీ. లిపి లేదు, పుస్తకం లేదు. కానీ ఇవన్నీ మన తెలుగుతో ఒకే ఇంటివి. ఇదిగో చూడు" అని కాగితం మీద మూడు మాటలు రాశాడు. నీరు. ఈర్. ఏర్. మొదటిది మనది, రెండోది కోలామీ, మూడోది గోండీ. ఇల్లుకు కోలామీలో 'ఎల్ల' అన్నాడు. కన్నుకు 'కన్' అన్నాడు.

నా ఒళ్ళు ఝల్లుమంది. ఎక్కడో గుట్టల మీద, నేను ఎన్నడూ చూడని మనుషులు పొద్దున లేచి 'ఈర్' అంటూ కుండ ఎత్తుకుంటారు. మా అవ్వ 'నీళ్ళు' అంటూ ఎత్తుకుంటుంది. ఆ రెండు మాటలకూ తల్లి ఒకతే. నాకు ఆనందం పట్టలేక అడిగాను.

"సార్, మనం గుట్టలకు పోతమా?"

తొందరలో నా నోరు జారింది. ఆయన నవ్వాడు. "పోతమా కాదమ్మా, వెళతామా అనాలి. ఎందుకు వెళ్ళడం? దోమలు, చలిజ్వరాలు. వాళ్ళే ఇక్కడికొచ్చారుగా చెరకు కొట్టడానికి. పటేలుగారు ఒక శాల్తీని పంపుతామన్నారు."

శాల్తీ. సరుకు మూటలను లెక్కపెట్టే ఆ మాట ఆయన మొదటిసారి అన్నప్పుడు నాకేమీ అనిపించలేదు.

మర్నాడు వచ్చిన మనిషి ఒక ఆడది. కోలామీ మాట్లాడే మనిషి. వయసు నలభై ఉంటుందేమో, చూస్తే అరవై అనుకుంటారు. పొట్టిగా, సన్నగా ఉంది. చెరకాకు కోసిన సన్నటి గీతలు మోచేతుల దాకా ఉన్నాయి, కొన్ని ఎండి, కొన్ని పచ్చిగా. పొద్దుటి నుంచి చెరకు కొట్టి, అట్లాగే కడుక్కోకుండా వచ్చింది. చెమట, చెరకురసం, పొగాకు కలిసిన వాసన వచ్చింది. నేను చాప మీద ఆమె పక్కన కూర్చోవాలి, ఆమె నోటినుంచి వచ్చిన మాట రాసుకోవాలి. నేను చాపను ఒక చేతి దూరం వెనక్కి లాక్కున్నాను. ఆమె చూసింది. ఆమె కూడా తన వంతుగా ఒక చేతి దూరం వెనక్కి జరిగింది. ప్రొఫెసరు, "మరీ అంత దూరమైతే వినపడదు" అని విసుక్కున్నాడు.

తెలుగు ఆమెకు కొంచెం వచ్చు, మరాఠీ అంతకంటే బాగా వచ్చు. నన్ను 'బాయి' అని పిలిచేది. నేను ఆమెను ఏమీ పిలవలేదు. ఇంట్లో ఆ వయసు ఆడవాళ్ళను అక్క అనో అవ్వ అనో పిలవకుండా నోరు తెరవని దాన్ని, ఆమెతో మాత్రం 'ఇటు చూడు', 'మళ్ళీ చెప్పు' అనేదాన్ని.

పని ఇట్లా సాగేది. ప్రొఫెసరు కుర్చీలో కూర్చుని ఒక మాట అంటాడు. చెయ్యి, కాలు, పన్ను, నిప్పు, కుక్క. ఆమె తన మాట చెబుతుంది. ఆయన మళ్ళీ చెప్పమంటాడు, మూడుసార్లు. నేను రాస్తాను. ఒక్కోసారి ఆమె నాలుక ఎక్కడ తగులుతోందో చూడాలని కుర్చీ దిగి వచ్చి, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ఆమె గడ్డం పట్టి నోరు తెరిపించేవాడు. చిన్న అద్దం పెట్టి లోపలికి చూసేవాడు. తర్వాత పెరట్లోకి పోయి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కునేవాడు. మా ఊరి అంగడిలో ఎద్దు పళ్ళు చూసేవాళ్ళు కూడా అట్లా కడుక్కోరు.

అంకెలు అడిగిన రోజు పటేలు, ఆయన స్నేహితులు ఇద్దరు కూడా వచ్చి కూర్చున్నారు. ఆమె చెప్పింది. రెండుకు ఇందింగ్, మూడుకు మూందింగ్, నాలుగుకు నాలింగ్. తర్వాత ఐదు, ఆరు, ఏడు అని మన మాటలే చెప్పింది.

"సూసిండ్రా? నాలుగు దాటితే ఈళ్ళకు లెక్కే లేదు" అని పటేలు తొడ చరుచుకున్నాడు. స్నేహితులు నవ్వారు. ప్రొఫెసరు కూడా నవ్వి, "అదే ఇందులో ఆసక్తికరమైన విషయం" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగి మెల్లగా, "ఐదు బజార్ల నేర్సుకున్నం బాయి. మీతోటి మాట్లాడనీకి" అంది. నేను అది రాయలేదు. జాబితాలో దానికి చోటు లేదు.

రోజూ పని అయిపోయాక ఆమె, నేను ఒకే దారిన నడిచేవాళ్ళం. చెరకు తోట అంచున వాళ్ళ గుడిసెలు, అక్కడి నుంచి నేను ఊళ్ళోకి. మొదటి రోజుల్లో నేను ముందు, ఆమె వెనక. వారం గడిచాక పక్కపక్కన నడిచాము. ఆమె మాట్లాడేది. తోవలో కనిపించిన వాటికి, నేను అడగకుండానే, పేర్లు చెప్పేది. ఒకరోజు నేను ఉత్సాహం పట్టలేక, "మన భాషలు ఒక్క తల్లి పిల్లలట తెలుసా?" అన్నాను.

ఆమె నిలబడి అడిగింది. "మనయి ఎట్లయితయి బాయి? మీది మీది, మాది మాది. ఒక్క తల్లి పిల్లలమైతె నన్ను కింద ఎందుకు కూసోబెడతరు?"

నేనూ కిందే కూర్చున్నాను కదా అనబోయాను. నా కింద చాప ఉంది. ఆమె కింద లేదు.

ఆ రోజే కాబోలు, ఆమె తన బిడ్డ సంగతి చెప్పింది. ఒక్కతే కూతురు. పెళ్ళయి ఏడాది. నెలలు నిండినా తల్లితో పాటు చెరకు కొట్టడానికి వచ్చింది. ఈ చెరకు కోతలు మొదలైన కొత్తలోనే గుడిసెలో నొప్పులొచ్చాయి. రెండు రోజులు పడింది. బండి కావాలని ఆమె మరిది పటేలు ఇంటికి పోతే, బండ్లన్నీ చెరకుకు పోయినయి అన్నారట.

"గా కాలువ ఒడ్డుకు పెట్టినం" అని చెయ్యి చూపింది. అక్కడ తుంగ తప్ప ఏమీ లేదు.

"సచ్చిపోయిందా?" అన్నాను, మూర్ఖంగా.

"పోయింది" అంది ఆమె. "నువ్వన్న మాట నేను అనను బాయి. నా బిడ్డ మీద ఆ మాట ఏ బాసల గూడ అనను" అంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి నేను అన్నం తిన్నాను, పిల్లల నోటుపుస్తకాలు దిద్దాను, పడుకున్నాను. బాధ అనిపించింది. కానీ ఊళ్ళో వినే అనేక బాధల్లాగా అనిపించింది. అంతే. అది కూడా చెప్పకపోతే ఈ కథ అబద్ధమైపోతుంది.

నాలుగు రోజుల తర్వాత ప్రొఫెసరు, నామవాచకాలు అయిపోయాయి, ఇక క్రియలు అన్నాడు. తినడం, తాగడం, రావడం, పోవడం అడిగాడు. నేను తిన్నాను, నువ్వు తిన్నావు, వాడు తిన్నాడు. ఆమె ఓపికగా చెప్పుకుంటూ పోయింది. పటేలు ఉయ్యాల మీద ఉన్నాడు. ఆయన కూతురు, పదహారేళ్ళ పిల్ల, గడపలో కూర్చుని పూలు గుచ్చుతోంది. స్నేహితులిద్దరూ ఎప్పటిలాగే కుర్చీల్లో ఉన్నారు. అప్పుడు ప్రొఫెసరు తన కాగితం మీద వేలు పెట్టి చదివాడు.

"చావడం. దీని ధాతువు 'తిక్' అని విన్నాను, సరిచూసుకోవాలి. వాక్యంలో కావాలి. నా కూతురు చచ్చిపోయింది అనమను."

ఆమె తల ఎత్తలేదు. నేను కుర్చీ దగ్గరికి జరిగి గొంతు తగ్గించి చెప్పాను. "సార్, వేరే వాక్యం అడగండి. ఈమె బిడ్డ నిజంగానే పోయింది. ఈ చెరకు కోతల్లోనే. నెల కూడా కాలేదు."

ఆయన కలం ఆపి నా వైపు చూశాడు. ఆయనకు జాలి కలిగిందనుకున్నాను. కళ్ళలో ఏదో కదిలింది నిజమే.

"మంచిదేగా. అయితే వాక్యం సహజంగా వస్తుంది" అన్నాడు.

ఇన్నేళ్ళలో నేను చాలా మాటలు విన్నాను. దొంగల మాటలు విన్నాను, తాగుబోతుల మాటలు విన్నాను. అంత శుభ్రమైన తెలుగులో అంత కుళ్ళిన మాట ఇంకొకటి వినలేదు.

ఆమెకు అర్థమైంది. నేను తన సంగతి ఆయనకు చెప్పేశానని, చెప్పి ఇంకా అడిగిస్తున్నానని అర్థమైంది. నావైపు చూసింది. నేను నోటుపుస్తకం వైపు చూశాను.

"చెప్పు" అన్నాడు ప్రొఫెసరు. ఆమె చెప్పలేదు. గోడమీద బల్లి వైపు చూస్తూ కూర్చుంది.

ఉయ్యాల ఆగింది. "ఏందే, సారు అడుగుతుండు కదా? నోట్ల మట్టి వడ్డదా?" అన్నాడు పటేలు. "సెప్పకుంటె రేపటి సంది మీ ఆళ్ళందరిని పనిలకెల్లి తీసేస్త. గుడిసెలు పీకిస్త. సెప్పు."

గుడిసెల్లో వాళ్ళ మనుషులు పదిమంది దాకా ఉన్నారు. ఆమె చెప్పింది. చిన్న వాక్యం.

"ఇంకోసారి. మధ్యలో అచ్చు పొడుగా, పొట్టిగా తెలియలేదు."

మళ్ళీ చెప్పింది.

"ఇంకోసారి. మెల్లగా."

మూడోసారి కూడా చెప్పింది. నేను మూడుసార్లూ రాశాను. నా అక్షరం ఒక్కటి వంకర పోలేదు.

"బాగుంది. ఇప్పుడు సర్వనామం మధ్యమ పురుషలో" అన్నాడు ప్రొఫెసరు, తనలో తాను సంతోషపడుతూ. "ఎదుటి మనిషితో అన్నట్టుగా అనాలి. అదిగో, పటేలుగారిని చూసి అనమను. నీ కూతురు చచ్చిపోయింది."

ఆమె తల తిప్పింది. పటేలును చూసింది. తర్వాత గడపలో పూలు గుచ్చుతున్న పిల్లను చూసింది. నోరు తెరిచింది.

"ఏయ్!" పటేలు ఉయ్యాల మీద నుంచి ఒక్క దూకు దూకాడు. "నోరు ముయ్! నా బిడ్డను వట్టుకొని గా మాట అంటవా? తోలు తీస్త!" స్నేహితులు కూడా లేచారు. ఒకాయన, "శివ శివ, దీపాలు పెట్టే యాళ్ళ" అన్నాడు. పిల్ల పూలు కింద పడేసి లోపలికి పరిగెత్తింది. లోపల పటేలు భార్య కూతురి తల చుట్టూ దిష్టి ఉప్పు తిప్పుతూ గొణిగింది.

ప్రొఫెసరు రెండు చేతులూ ఎత్తి పటేలును చల్లబరిచాడు. "తప్పు నాదే, తప్పు నాదే. అశుభం. నాకు తట్టలేదు. అమ్మాయ్, ఆ వరుస వదిలెయ్. రాయకు. మరీ అవసరమేమీ లేదులే" అన్నాడు. ఆయన ముఖం నిజంగా చిన్నబోయింది. పటేలును రెండుసార్లు క్షమాపణ అడిగాడు.

ఆమెను ఎవరూ అడగలేదు.

ఆమె లేచింది. కొంగుతో మూతి తుడుచుకుంది, ఏదో తినకూడనిది తిన్నట్టుగా, గట్టిగా, రెండుసార్లు. ఎవరూ పొమ్మనకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను ఆమె వెంట నడవలేదు. ప్రొఫెసరు నా పుస్తకం తీసి చూసి, "ఇంత గొడవలో కూడా ఎంత పొందికగా రాశావమ్మా! నీలాంటివాళ్ళు యూనివర్సిటీలో ఉండాలి" అన్నాడు.

ఆ మాటకు నాకు లోపల చిన్న సంతోషం కలిగింది. వెంటనే సిగ్గు వేసింది. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏది ముందు వచ్చిందో నాకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్నే బడికి పోకుండా గుడిసెల దగ్గరికి పోయాను. వాళ్ళ గుడిసెలు మూడూ ఖాళీ. పక్క గుడిసెలో ఉన్న మరాఠీ మనిషి, "పొద్దు పొడవకముందే పోయిండ్రు. గోదారి దాటుతరట" అన్నాడు. పటేలు పనిలోంచి తీసేసేలోపు వాళ్ళే వెళ్ళిపోయారు.

ప్రొఫెసరుకు పటేలు కోలామీ మాట్లాడే ఇంకో మనిషిని వెతికి తెచ్చాడు. ముసలాయన. నేను మానేశానని చెప్పుకోవాలని ఉంది. మానలేదు. ఇంకో నాలుగు రోజులు పోయి కూర్చున్నాను, రాశాను. ఐదోరోజు జ్వరమని కబురు చేశాను. జ్వరం లేదు. ఎదురుగా 'నేను రాను' అనే ధైర్యమూ లేదు.

కొన్నేళ్ళు గడిచాయి. నాకు నిజామాబాదుకు బదిలీ అయింది. డెబ్బైలు మొదలయ్యాయి. ఒకరోజు బడికి ఒక ఆహ్వానపత్రం వచ్చింది. ప్రొఫెసరు పుస్తకం అచ్చయిందట, మన జిల్లాలోనే పుట్టిన పుస్తకం కనుక ఇక్కడ సన్మానం చేస్తారట, నేను వందన సమర్పణ చేయాలట. సభకు ముందు పుస్తకం నా చేతికిచ్చారు. మంచి కాగితం, గట్టి అట్ట. తెరిచాను.

ఆమె గురించి ఒక వాక్యం ఉంది. సుమారు అరవై ఏళ్ళ స్త్రీ, మందబుద్ధి, పళ్ళు అరిగినందున కొన్ని ధ్వనులు నమ్మదగినవి కావు. దాని పక్కన ఆమె గూడెం పేరు. ఆమె కూతురి చావు చెప్పే వాక్యం ఉంది, ఒక వరుస అంకెతో. దాని కింద, ఆమె అననే అనని 'నీ కూతురు' వాక్యం కూడా ఉంది. సూత్రం ప్రకారం ఆయనే తయారు చేసి, ఆమె నోటినుంచి విన్నట్టే అచ్చు వేశాడు. పటేలు ఆతిథ్యానికి పేజీ నిండా కృతజ్ఞతలు ఉన్నాయి.

వేదిక మీద శాలువా కప్పారు. గుట్టల్లో తిరిగి, ఆకలికి ఓర్చి, జ్వరాలకు వెరవక అడవి బిడ్డల భాషను కాపాడిన తపస్వి అన్నారు ఒకరు. ఆయన తల వంచుకుని వింటున్నాడు. ఒక్కసారి కూడా కాదనలేదు. పన్నీరు చల్లారు. నా వంతు వచ్చింది. చేతిలో నేను ముందు రాసుకున్న నాలుగు మంచి వాక్యాలున్నాయి. అవి చదవలేదు. నాకు తెలియకుండానే మా అవ్వ మాటలో మొదలుపెట్టాను.

"గీ సారు గుట్టలకు పోలేదు. వరండల కుర్సీల కూసున్నడు. నేను పక్కన కూసోని రాసిన. ఒక తల్లి నోట, సచ్చిన బిడ్డ మాట మూడుసార్లు అనిపిచ్చిండు. పటేలు బిడ్డ మీదికి వస్తె మాత్రం అశుభమన్నడు. నేను సూసిన. నేను గూడ రాసిన. నాకు సిగ్గయితుంది."

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. నేను మెచ్చుకుంటున్నాననుకున్నారేమో తెలియదు. ఇంకొందరు అందుకున్నారు. అధ్యక్షుడు మైకు అందుకుని, "అమ్మాయి చక్కటి జానపద శైలిలో భావోద్వేగంతో మాట్లాడింది. ఇక ఫలహారాలు" అన్నాడు. ప్రొఫెసరు నా దగ్గరికి వచ్చి, "నీ మాండలికం ఇంకా అలాగే ఉందమ్మా! ఎప్పుడైనా వీలు చూసుకుని రా, రికార్డు చేద్దాం" అన్నాడు. ఆయన కోపంతో అనలేదు. మనస్ఫూర్తిగా అన్నాడు. చేతిలో సగం కొరికిన లడ్డూ ఉంది.

ఆ దసరా సెలవుల్లో గోదావరి దాటాను. పుస్తకంలో ఉన్న గూడెం పేరు ఒక కాగితం మీద రాసుకున్నాను. పోచంపాడ్ దగ్గర ఆనకట్ట మట్టి లారీలకు బస్సు గంటసేపు ఆగింది. నిర్మల్‌లో ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, తర్వాత నడక. మూడోరోజు మధ్యాహ్నానికి గుట్ట మీద పదిహేను ఇళ్ళున్న గూడెం చేరాను.

ఆమె బతికే ఉంది. ఇంటి ముందు కూర్చుని వెదురు చీలుస్తోంది. నన్ను చూసి పేరడగలేదు. "రాసేటి బాయి" అంది. ఒక చిన్న పిల్ల, ఆరేడేళ్ళది, ఆమె భుజం మీదికి వాలి నన్ను చూస్తోంది.

నేను పుస్తకం సంగతి చెప్పాను. ఆమె వెదురు చీలుస్తూనే అడిగింది. "నా బిడ్డ మాట అండ్ల ఉన్నదా?"

"ఉన్నది."

"తీసెయ్యి."

"నాతోటి కాదు. అచ్చయిపోయింది. ఎక్కడెక్కడికో పోయినయి పుస్తకాలు."

"మరి ఎందుకొచ్చినవ్?"

నేను నిలబడే ఉన్నాను. తప్పు చేశానని చెప్పాలని వచ్చాను. ఆ మాట చెప్తే నాకు బరువు దిగుతుంది, ఆమెకేమొస్తుంది? అయినా చెప్పాను. ఆమె విన్నది. చిన్నపిల్లను లోపలికి పంపి నాకు నీళ్ళు తెప్పించింది. నేను తాగి, ఏదో ఒకటి మాట్లాడాలని, "మనవరాలా?" అని అడిగాను.

"గప్పుడు పుట్టిందే ఇది" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాను. నొప్పులు పడి కూతురు పోయిందని ఆమె చెప్పిన రోజు, లోపలి పసిగుడ్డు ఏమైందని నేను అడగలేదు. ఆ పసిది బతికే ఉంది. రోజూ రెండేసి గంటలు మేము ఆమె చేత కుక్క, నిప్పు, పన్ను అనిపిస్తున్నప్పుడు, నెల నిండని ఆ పిల్ల గుడిసెలో ఆమె తోటికోడలి దగ్గర ఉంది. రోజూ ఆ గుడిసెల దాకా నడిచినదాన్ని, ఒక్కరోజు వంగి లోపలికి చూడలేదు.

"నాకు చెప్పలేదే" అన్నాను.

"నువ్వు అడగలే. అడిగినయే కదా మీరు రాసేది" అంది ఆమె. గొంతులో కోపం లేదు.

పిల్ల ఆమె చెవిలో గబగబా ఏదో చెబుతోంది. నవ్వుతోంది, మళ్ళీ చెబుతోంది. నేను చెవి రిక్కించి విన్నాను. వందల మాటలు నా చేత్తో రాశాను. ఆ పిల్ల వాగుతున్నదాంట్లో 'ఎల్ల' అన్న ఒక్క మాట తప్ప నాకేమీ తెలియలేదు. ఏమంటోందని అడగబోయి ఆగిపోయాను. ఆ మాటలు నాతో అన్నవి కావు.

ఆ రాత్రి అక్కడే ఉండమన్నారు, జొన్నరొట్టె పెట్టారు. మర్నాడు పొద్దున ఆమె మరిది నాతోపాటు రోడ్డుదాకా వచ్చి బస్సు ఆపాడు. నేనెక్కాను. ఆయన తన భాషలో ఏదో చెప్పి చెయ్యి ఊపాడు. కండక్టరు టికెట్టు చింపుతూ నన్ను ఎగాదిగా చూశాడు.

"మేడమ్, ఈళ్ళతోటి మీకేం పని? గదేం బాస, కోతులు కిచకిచమన్నట్టు?" అని నవ్వాడు. ముందు సీట్లో ఇద్దరు కూడా నవ్వారు.

అతనికి చెప్పాల్సింది నాకు తెలుసు. నీరు, ఈర్, ఏర్ అని వరుసగా చెప్పగలను. నోటిదాకా వచ్చింది. మూడురోజుల అలసట, సభలో ఒకసారి మాట్లాడి చూసిన చేదు, చుట్టూ తెలియని మగవాళ్ళు. చిల్లర తీసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నిర్మల్ వచ్చేదాకా అతను ఆ కూత ఇంకో ఇద్దరు ప్రయాణికులకు చేసి చూపించాడు. నేను వింటూ కూర్చున్నాను, నా మీద నాకే రోత పుడుతుంటే.